ఎకోసైడ్‌కి తెలుగు మాట: మేధమా, హననమా, హత్యా?

బెల్జియం కొత్త శిక్షాస్మృతి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడి పార్లమెంటు 2024 ఫిబ్రవరిలో ఎకోసైడ్‌ను, అంటే ప్రకృతిని భారీ ఎత్తున నాశనం చేయడాన్ని, నేరాల్లో చేర్చింది, మనుషులకైతే 20 ఏళ్ల దాకా జైలు. 'పర్యావరణ విధ్వంసం' అందామంటే, చెరువు గట్టున చెత్త పోసినా అదే మాట వాడుతున్నాం. 'ప్రకృతిమేధం' ఎలా ఉంటుంది?

— మేధం వద్దు తమ్ముడూ. అశ్వమేధంలో గుర్రాన్ని చంపేది యాగఫలం కోసం. నరమేధం, మారణహోమం అని పత్రికలు రాసి రాసి ఆ నేతి వాసన పోయిందనుకుంటాం గానీ, పోలేదు. అసలు మాటలో ఉన్నవి గ్రీకు 'ఇల్లు', లాటిన్ 'చంపడం'. అంటే మన కొంప కూల్చడమే! వియత్నాం అడవుల మీద ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకులు రాల్చే మందు చల్లుతుంటే, అమెరికా వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ గాల్‌స్టన్ 1970లో ఈ మాట తెచ్చాడు. అలాంటి రసాయనాల మీద తొలిరోజుల్లో పనిచేసినవాడు ఆయనే. ఆ వియత్నామే 1990లో దీన్ని తన చట్టంలో పెట్టుకుంది.

— హత్య అనొచ్చా మరి? చంపాలన్న ఉద్దేశం ఉంటేనే కదా హత్య? 2021లో అంతర్జాతీయ న్యాయనిపుణులు రాసిన నిర్వచనం ఉద్దేశాన్ని అడగదు. తీవ్రమైన నష్టం, అదీ విస్తారంగానో చాలాకాలం నిలిచేలాగానో జరిగే అవకాశం గట్టిగా ఉందని తెలిసీ తెగిస్తే చాలు. అందుకే నా ఓటు 'జీవావరణ హననం'.

— కోర్టు కాగితాలు తెలుగు చేసే పని నాది. చావు సంభవించవచ్చని తెలిసి చేసినా నేరపూరిత నరహత్యే అంటుంది మన శిక్షాస్మృతి, భారతీయ న్యాయ సంహిత, 100వ సెక్షన్. కాబట్టి హత్యకు అడ్డు లేదక్కా. నన్ను ఇబ్బంది పెట్టేది 'నేరం' అన్న మాట. ఫ్రాన్స్ 2021లో ఎకోసైడ్ పేరైతే పెట్టింది, కానీ ఫ్రెంచిలో ఘోరమైన నేరాలకు వాడే 'క్రీమ్' అనకుండా 'దెలీ' అంది, అంటే ఒక మెట్టు కింద. తెలుగులో రెంటినీ 'నేరం' అనే అంటాం. ఇంకోటి చూడండి: మన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఉల్లంఘనకు అయిదేళ్ల దాకా జైలు ఉండేది. 2023 జన విశ్వాస్ చట్టం దాని చోట 10 వేల నుంచి 15 లక్షల రూపాయల పెనాల్టీ పెట్టింది. కోర్టు వేసే ఫైనూ జరిమానాయే, అధికారి వేసే ఈ పెనాల్టీ కూడా జరిమానాయే. నేరం కాకుండా పోయిన సంగతి తెలుగులో కనబడనే కనబడదు.

— 'జీవావరణ హత్య' అని రాసేశానండీ. 'దెలీ' దగ్గర మాత్రం ఖాళీ వదిలాను, ఎవరికైనా తడితే చెప్పండి.