డొమినియన్‌గానే ఉండిపోయి ఉంటే మనకేం నష్టం?

బురుజు_కర్నూలు:
1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్, అంటే మనల్ని మనమే పాలించుకుంటున్నా బ్రిటన్ రాజే దేశాధినేతగా ఉన్న దేశం. ఆరో జార్జి రాజు. ఆయన తరఫున మొదట మౌంట్‌బాటన్, తర్వాత రాజాజీ గవర్నర్ జనరల్‌గా పనిచేశారు. ఆ ఏర్పాటే సాగి ఉంటే, 1953 అక్టోబరు 1న మా కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గవర్నర్ త్రివేది గారు ఎలిజబెత్ రాణి పేరు మీద ప్రకాశం గారితో ప్రమాణం చేయించి ఉండేవారు. అంతకు మించి ఏం మారేది? డేరాల్లో ఆఫీసులు అవే, కరువూ అదే. కెనడా, ఆస్ట్రేలియా ఇప్పటికీ అట్లే నడుస్తున్నాయి. పైగా రాజుకు పార్టీ ఉండదు. నాకు అదే మేలనిపిస్తుంది.

అనంత_వకీలు:
అన్నా, ఇందులో ఊహించుకోవాల్సిన పనే లేదు, పక్క దేశంలో జరిగిందే. పాకిస్తాన్ 1956 మార్చి దాకా డొమినియనే. 1953 ఏప్రిల్‌లో గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ప్రధాని నజీముద్దీన్‌ను తీసేశాడు. 1954 అక్టోబరులో రాజ్యాంగం రాస్తున్న సభనే రద్దు చేశాడు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ సింధ్ కోర్టుకెళ్లి గెలిచాడు. 1955లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన ఫెడరల్ కోర్టులో ఆ తీర్పు పోయింది. ఎందుకో చూడండి: హైకోర్టుకు రిట్ అధికారం, అంటే ప్రభుత్వానికి ఆదేశాలిచ్చే అధికారం ఇచ్చిన చట్టం మీద గవర్నర్ జనరల్ ఆమోదం లేదు, కాబట్టి ఆ చట్టం చెల్లదన్నారు. సభను రద్దు చేసిన ఆ పదవి సంతకం లేనందుకే సభ కేసు ఓడిపోయింది. ఉత్సవ విగ్రహం అనుకున్న పదవి చేతిలో ఇంత ఉంది.

పత్తికొండ_రైతు:
మన్రో దొర సంగతి కూడా మాట్లాడండి సార్. మద్రాసు గవర్నర్‌గా ఉంటూ 1827లో కలరాతో మా పత్తికొండలోనే చనిపోయాడు. ఈ ప్రాంతంలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నోళ్లున్నారు. రాజు తరఫు మనిషి అంటే అందరూ చెడ్డోళ్లు కాదు.

అనంత_వకీలు:
నిజమే పెద్దాయనా. కానీ మన్రోను జనం తలచుకునేది దత్త మండలాల (ఇప్పటి మన రాయలసీమ వైపు) కలెక్టరుగా ఊరూరూ తిరిగి, రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతి నిలబెట్టినందుకు. ఆయన చేతిలో నిజమైన అధికారం ఉంది, ఆ సంగతి అందరికీ తెలుసు. మనం మాట్లాడేది, అధికారం లేదని చెప్పి ఇచ్చే పదవి గురించి.

బురుజు_కర్నూలు:
పాకిస్తాన్‌లో సైన్యం, అధికారుల గొడవ వేరు. మరి మన సంజీవరెడ్డి గారి మాటేంటి? మీ అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషే కదా. 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1979 ఆగస్టులో ప్రధాని చరణ్ సింగ్ రాజీనామా చేశాక జగ్జీవన్ రాంకు అవకాశం ఇవ్వకుండా లోక్‌సభ రద్దు చేశారు. రిపబ్లిక్‌లోనూ అదే జరిగితే తేడా ఎక్కడ?

అనంత_వకీలు:
ఆయన చేసింది తప్పని నేనూ అంటాను, మా జిల్లా అని వెనకేసుకురాను. కానీ ఆయన ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేసే పద్ధతిలో వచ్చిన మనిషి. తీసేయాలంటే పార్లమెంటులో అభిశంసన ఉంది. గవర్నర్ జనరల్‌కు అదేమీ లేదు. ప్రధాని సలహా మీద వస్తాడు, అదే సలహా మీద పోతాడు. మీరు చెప్పిన ఆస్ట్రేలియానే తీసుకోండి. 1975 నవంబరు 11న అక్కడి గవర్నర్ జనరల్ జాన్ కెర్ ముందుగా హెచ్చరించకుండా ప్రధాని విట్లంను దించేశాడు. దిగువ సభలో విట్లంకు మెజారిటీ ఉంది. ముందే చెబితే రాణికి రాసి తననే తీయిస్తాడేమోనని కెర్ భయం. ఎవరు ముందు ఎవరిని తీస్తారన్న పందెంగా దేశం నడవకూడదు.

కడప_టీచరు:
బాబూ, ఆ లెక్కన మన రాష్ట్రాల గవర్నర్ ఎవరు? కేంద్రం పంపుతుంది, కేంద్రం తీస్తుంది. 156వ అధికరణ చదవండి, రాష్ట్రపతి ఇష్టం ఉన్నంత కాలమే పదవి. రాజు పోయినా ఆ కుర్చీ మనకు మిగిలే ఉంది. 1984 ఆగస్టు 16న రాంలాల్ గారు ఎన్టీఆర్‌ను దించింది ఆ కుర్చీలో కూర్చునే కదా?

బురుజు_కర్నూలు:
అదే నేనూ అంటున్నా మేడమ్. రాజు లేకపోతే ఏం ఒరిగింది?

అనంత_వకీలు:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను, ఆ కుర్చీ మీద నాకూ కోపమే. అయితే 1984లో నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, రాంలాల్ పోయి శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. 1994లో, పదవి పోయిన కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై వేసిన కేసులో సుప్రీంకోర్టు బలం సభలోనే తేల్చాలంది, రాజ్‌భవన్‌లో కాదు. తమీజుద్దీన్‌కు అలాంటి కోర్టు దొరకలేదు.

కడప_టీచరు:
ఎన్టీఆర్‌ను తిరిగి తెచ్చింది కోర్టు కాదు బాబూ, రోడ్డెక్కిన జనం. బొమ్మై తీర్పు ఆ తర్వాత పదేళ్లకు వచ్చింది.