కూలెంట్ మార్చాక ఎయిర్ లాక్: రేడియేటర్ మూత తెరిచి గాలి తీయడం సరైన పద్ధతేనా?

కొత్త యజమాని: పదేళ్ల నాటి పెట్రోలు కారుకు ఆదివారం నేనే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చాను. మాన్యువల్ ప్రకారం ఐదు లీటర్లు పట్టాలి కానీ నాలుగు లీటర్లకే రేడియేటర్ నిండిపోయింది. బయలుదేరిన పది నిమిషాలకు టెంపరేచర్ ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, మళ్లీ దిగింది. హీటర్ వేసి చూస్తే చల్లగాలి వస్తోంది. ఇంజన్ ఆపేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

పాత పానా: పట్టని ఆ లీటరు చోటులో ఉన్నది గాలే, దాన్నే ఎయిర్ లాక్ అంటారు. ఇంజన్ పూర్తిగా చల్లారాక ముందు చక్రాలు ఎత్తుగా ఉండేలా బండిని వాలులో నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మూత తీసి, హీటర్‌ను పూర్తి వేడి మీద ఉంచి స్టార్ట్ చేయండి. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) దాదాపు 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. అప్పుడు రేడియేటర్ పై హోస్ (గొట్టం) వేడెక్కి, మట్టం దిగి, బుడగలు వస్తాయి. దిగినంత పోస్తూ ఉండండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక మూత పెట్టండి. వేడెక్కిన ఇంజన్‌పై మూసి ఉన్న మూతను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి.

కృష్ణాతీరం: మే నెలలో విజయవాడలో హీటర్ వేసుకుని కూర్చోమనడం అనవసరమైన శిక్ష. చాలా కార్లలో హీటర్ కోర్ (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) గుండా కూలెంట్ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, మీట తిప్పితే కదిలేది గాలిని మళ్లించే రేకు మాత్రమే. పైగా మూత తెరిచి ఉంటే వ్యవస్థలో ఒత్తిడి ఉండదు. మామూలు గాలి ఒత్తిడిలో 100 డిగ్రీలకు మరిగే నీరు, మూత మరో ఒక బార్ ఒత్తిడిని నిలిపితే 120 డిగ్రీల దాకా మరగదు. తెరిచిన మూత దగ్గర అది ముందే మరిగి చేతుల మీదికి ఎగజిమ్మే ప్రమాదం ఉంది. లోపలి గాలిని పంపుతో లాగేసి ఆ శూన్యంలోకి కూలెంట్‌ను పీల్చుకోనిచ్చే వాక్యూమ్ పరికరమే సరైన మార్గం. శూన్యం నిలవకపోతే ఎక్కడో లీకు ఉన్నట్టు కూడా అప్పుడే తెలుస్తుంది.

రైలుపేట: నా కారులో పై హోస్ దగ్గర గాలి వదలడానికి బ్లీడ్ స్క్రూ ఉంది. ముందు మీ మాన్యువల్ చూడండి.

పాత పానా: నీటి వాల్వు ఉన్న పాత కార్లలో హీటర్ మూసి ఉంటే ఆ కోర్‌లోని గాలి అక్కడే మిగిలిపోతుంది. మీ కారులో వాల్వు లేదని అందరి కార్లలోనూ లేదనకూడదు. వాల్వు లేని కారులోనైనా హీటర్ నుంచి వేడిగాలి రావడమే గాలి పోయిందనడానికి మంచి గుర్తు.

కృష్ణాతీరం: మీరు మళ్లీ హీటర్ దగ్గరే ఆగిపోయారు. రెండేళ్ల క్రితం నా కారుకు వాటర్ పంప్ మార్పించిన మర్నాడే ఇంజన్ వేడెక్కింది. బుడగలు చూసిన వర్క్‌షాపువారు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కు, కింది బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందని హెడ్ దించారు. 32 వేలు కట్టాక చేతికొచ్చిన పాత గ్యాస్కెట్ మీద ఒక్క కాలిన మచ్చ కూడా లేదు. అది గాలి తప్ప మరేమీ కాదని నా నమ్మకం.

పాత పానా: ఎవరో చేసిన తప్పుకు నాలాంటి మెకానిక్‌లను ఎందుకు నిలదీస్తారు? ముల్లు ఎర్రగీత దాటినా ఇరవై కిలోమీటర్లు నడిపి, అల్యూమినియం హెడ్ వంగిపోయాక బండిని తెచ్చి, చెడగొట్టింది మెకానిక్కేనన్నవారిని ఎందరినో చూశాను. గాలి సరిగా తీయాలంటే గంటన్నర పడుతుంది. బండి గంటలో కావాలంటారు, ఆ సమయానికి కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు.

కృష్ణాతీరం: ఆ గంటన్నరకు ఎంత అడిగినా ఇచ్చేవాణ్ణి, నన్ను ఎవరూ అడగలేదు. నా బాధ మూత గురించి కాదు, పరీక్షించకుండానే హెడ్ దించడం గురించి. చిక్కుకున్న గాలి బుడగలు కాసేపటికి తగ్గి ఆగిపోతాయి. గ్యాస్కెట్ పోతే ఆగవు, చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హోస్ రాయిలా బిగుసుకుంటుంది. రేడియేటర్ మెడ దగ్గర నీలి ద్రవంతో పరీక్షిస్తే, దహన వాయువు తగిలినప్పుడు అది పసుపు రంగుకు మారుతుంది. హెడ్‌కు చేయి వేసే ముందు ఆ పరీక్ష ఎందుకు చేయరు?

పాత పానా: చేయాలి. ఆ ద్రవం నా దగ్గర ఉంది, హెడ్ దించేముందు యజమానిని ఎదురుగా నిలబెట్టి చూపిస్తాను. పరీక్షకు కూలి ముందే చెప్పడం మా బాధ్యతేనని ఒప్పుకుంటాను. వాక్యూమ్ పరికరం ప్రతి షెడ్డులోనూ ఉండాలనడాన్ని మాత్రం ఒప్పుకోను. ఓపిక ఉంటే వాలు, గరాటు చాలు.

కొత్త యజమాని: నిన్న సాయంత్రం వాలులో నిలిపి చేశాను. బుడగలు పావుగంట వచ్చి ఆగిపోయాయి, దాదాపు 900 మిల్లీలీటర్లు పట్టింది, హీటర్ నుంచి వేడిగాలి వస్తోంది. ఈ ఉదయం చూస్తే అదనపు కూలెంట్ ఉండే డబ్బాలో మట్టం వేలెడు దిగింది. ఇది లీకా?

పాత పానా: ఒక్కసారి దిగితే కాదు. ఇంజన్ చల్లారేటప్పుడు కూలెంట్ కుంచించుకుపోతే, మూతలోని చిన్న వాల్వు డబ్బా నుంచి దాన్ని వెనక్కి లాగుతుంది. మిగిలిన కాస్త గాలి చోటు అలాగే నిండుతుంది. మరో మూడు రోజులు ఉదయాన్నే మట్టం చూసి ఇక్కడ రాయండి. రోజూ దిగుతుంటే వాటర్ పంప్ కింద తడి ఉందేమో చూడండి.

కృష్ణాతీరం: తడి ఎక్కడా లేకుండా దిగుతుంటే ముందుగా ఆ నీలి ద్రవం పరీక్ష చేయించండి.