ఓవర్‌సైజు గుండ్లకు బ్రేకరా, పాప్ షాటా?

కంకర_హనుమకొండ:
వరంగల్ చుట్టుపక్కల కంకర క్వారీల్లో ఎప్పుడూ ఇదే పంచాయితీ: క్రషర్‌కు పట్టని పెద్ద గుండ్లను బ్రేకర్‌తో (ప్రొక్లెయిన్‌కు తగిలించే హైడ్రాలిక్ సుత్తి) కొట్టాల్నా, పాప్ షాట్‌తో (గుండుకే చిన్న బోరు వేసి మందు పెట్టి) పేల్చాల్నా అని. 36×24 అంగుళాల జా క్రషర్‌కు (రెండు దవడల మధ్య రాయిని నలిపే మిషన్) 24 అంగుళాల నోట్లో 80 శాతం, అంటే 19 అంగుళాలే హద్దు. దాటితే రాయి అడ్డం పడుతది, తీసేదాకా క్రషర్ బంద్. ఈ గుండ్లకు ఏది మేలన్నా?

బెంచ్_మేట్:
పాప్ షాటే. జాక్‌హ్యామర్‌తో 32-34 ఎం.ఎం. బోరు, గుండు మందంలో సగం కొంచెం దాటేదాకా. క్యూబిక్ మీటరుకు 60-100 గ్రాముల పేలుడు మందు చాలు. పైన తడి మట్టి గట్టిగా దట్టించాలె. ఇరవై గుండ్లు ఒక్కసారే అయిపోతయ్. బ్రేకర్ ఒక్కో గుండు చుట్టూ తిరుగుతూ డీజిల్ తాగుతది.

చిసెల్_చూపు:
ఇరవైలో ఒకటి పేలకపోతే? ఆ తూటా రాళ్ల కిందనే ఉంటది, దాని మీద బకెట్ పళ్లు పడతయ్. పైగా గుండుకు అన్ని దిక్కులా ఖాళీయే, ముక్క ఎటు ఎగురుతదో ఎవరూ చెప్పలేరు. ఊరు దగ్గరుంటే బ్రేకరే.

బెంచ్_మేట్:
బోర్ల లెక్క రాసుకుని, పేలినవి చూసుకుంటే తెలుస్తది కదా. ఎగిరేది ఎక్కువగా మందు ఎక్కువైనప్పుడే. గుండు మీద మందు పెట్టి బురద కప్పుతరే, అది మాత్రం వద్దు: క్యూబిక్ మీటరుకు 700 గ్రాముల నుంచి కిలో దాకా పడుతది, చప్పుడు ఊరంతా.

చిసెల్_చూపు:
దానికి ఒప్పుకుంటా. ఇక బ్రేకర్ ఖర్చంటరా, సగం ఆపరేటర్ చేతిలనే ఉంది. చిసెల్ (బ్రేకర్ ఉలి) రాయికి నిటారుగా ఆనాలె. నడిమధ్య కాదు, అంచు నుంచి, పగులు గీత వెంట కొట్టాలె. 15 సెకన్లలో దిగకపోతే చోటు మార్చాలె. అక్కడే కొడితే మొన ఎర్రగా కాలి మెత్తబడుతది. రాయి పగిలినంక కూడా పెడల్ తొక్కుతూ ఉంటే ఖాళీ దెబ్బలకు బ్రేకర్ భాగాలను బిగించి పట్టే త్రూ బోల్టులు తెగుతయ్. చిసెల్‌ను గడ్డపారలెక్క వాడి రాయి పెకిలిస్తే దాన్ని పట్టి ఉంచే బుష్ పోతది. గుండ్లకు మొన చిసెల్ కన్నా మొద్దు చిసెల్ మంచిది, జారదు.

డ్రిల్_115:
ఇద్దరూ పగలగొట్టే దగ్గరే కొట్లాడుతున్నరు, అసలు గుండ్లు ఎక్కడివి? బెంచ్ (క్వారీలో మెట్టులెక్క పేల్చే రాతి గోడ) పై భాగం నుంచే ఎక్కువ. 115 ఎం.ఎం. బోరుకు మందు మీద దట్టించే మట్టి దాదాపు 2.9 మీటర్లు, అంటే వ్యాసానికి 25 రెట్లు. 4 మీటర్లు దట్టిస్తే పైరాయికి మందు దెబ్బ తగలదు, పలకలు పలకలుగా లేస్తది. అట్లని 2 మీటర్లకు దించితే రాళ్లెగురుతయ్.

కంకర_హనుమకొండ:
మన గ్రానైట్‌లో పైన మెత్తటి మట్టిల గుండ్లు పాతుకొని ఉంటయ్ కదా, వాటికి ఈ లెక్క పనికొస్తదా?

డ్రిల్_115:
రాదు. ఆ పొరను ముందే ప్రొక్లెయిన్‌తో తీసి గుండ్లు పక్కకు వేయాలె. వాటికి బ్రేకరే.