డ్రైయర్ స్క్రీన్‌కు పాస్‌వర్డ్ పెట్టాలె, ఎవరికి ఏ లెవెల్ ఇస్తున్నరు?

మిల్లు_మెయింటెనెన్స్ (సుల్తానాబాద్)

అన్నలకు నమస్తే. మాది బాయిల్డ్ రైస్ మిల్లు. డ్రైయర్ మీద సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ (మిషన్‌ను నడిపే కంట్రోలర్), 7 అంగుళాల కంఫర్ట్ ప్యానెల్ (టచ్ స్క్రీన్) ఉన్నయి. వాటి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ టియా పోర్టల్, అండ్ల చేసిన ప్రాజెక్టు నా దగ్గరనే ఉన్నది. ఇప్పటిదాంక స్క్రీన్‌కు పాస్‌వర్డ్ అన్నదే లేదు. నైట్ షిఫ్టోళ్లు డ్రైయర్ జల్ది ఖాళీ కావాలని వేడిగాలి టెంపరేచర్ పెంచుతున్నరు. పొద్దుగాల నూక ఎక్కువ పడ్డదని సేటు నన్ను పట్టుకుంటడు. ఎవరు పెంచిన్రని అడిగితే అందరూ నేను కాదంటరు. యాసంగి వడ్లు దిగకముందే ఈ పని అయిపోవాలె. ఆపరేటర్, సూపర్‌వైజర్, నేను, ఇట్ల మూడు లెవెళ్లు సరిపోతయా?

జిన్నింగ్_ఫిట్టర్ (జమ్మికుంట)

మా దగ్గర పత్తి బేళ్లు కట్టే ప్రెస్‌కు డెల్టా కంపెనీ స్క్రీన్. అండ్ల మనిషి పేర్లు లెవ్వు, లెవెల్‌కు ఒక నంబరు, అంతే. హైడ్రాలిక్ ప్రెజర్ పేజీకి పెట్టినం. పత్తి సీజన్ జోరందుకోకముందే ఆ నంబరు ప్యానెల్ తలుపు లోపల మార్కర్‌తోని రాసి ఉన్నది. హమాలీలకు సుత తెలుసు. నన్నడిగితే పాస్‌వర్డ్ దండుగ పని.

ఓరుగల్లు_ఆటోమేషన్ (హన్మకొండ)

ఫిట్టర్ తమ్ముడు చెప్పింది చాలా మిల్లుల్లో చూశాను. అందరికీ ఒకటే నంబరు ఇచ్చి, దాన్ని రోజూ పనిబడే పేజీకి పెడితే అంతే అవుతుంది. షిఫ్టులో పదిసార్లు కొట్టాల్సిన నంబరు ఎక్కడైనా గోడెక్కుతుంది.

లెవెళ్లు ఎన్ని అన్నది తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం మీద ఇది రాయండి: రాత్రి రెండింటికి, సూపర్‌వైజర్ లేనప్పుడు, ఆపరేటర్ ఏమేం చేయక తప్పదు? ఆ పనులన్నీ లాగిన్ లేకుండానే జరగాలి. స్టాప్ బటన్, అలారం అక్నాలెడ్జ్, పేజీలు తిప్పి చూడటం, ఎలివేటర్ ట్రిప్పయితే రీసెట్. స్టాప్ నొక్కితే లాగిన్ బాక్స్ వచ్చే మిల్లు ఒకటి నేను కళ్లారా చూశాను, చేసినవాళ్లకు దండం పెట్టాలి. ఎమర్జెన్సీ స్టాప్ అయితే స్క్రీన్ దాకా రానేకూడదు, అది వైరింగ్‌లోనే ఉండాలి.

మిగిలింది సెట్ పాయింట్లు (టెంపరేచర్ ఎంత ఉండాలని కొట్టే అంకెలు), టైమర్లు, మాన్యువల్ మోడ్. తాళం వాటికి చాలు. టియాలో యూజర్ అడ్మినిస్ట్రేషన్ తెరిచి గ్రూపులు చేయండి, గ్రూపుకు ఆథరైజేషన్, అంటే అనుమతి, ఇవ్వండి. తర్వాత స్క్రీన్ మీద ఆ అంకె కొట్టే గడి, అంటే ఐఓ ఫీల్డ్, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ కింద అదే ఆథరైజేషన్ పెట్టండి. అనుమతి లేనివాళ్లు ఆ ఫీల్డ్ ముట్టుకుంటే లాగిన్ బాక్స్ దానంతటదే వస్తుంది. లాగ్ ఆఫ్ టైమ్ ఒక్కో యూజర్‌కు వేరుగా పెట్టుకోవచ్చు. సూపర్‌వైజర్‌కు తక్కువే పెట్టండి, ఎందుకంటే ఆయన లాగిన్ చేసి చాయ్‌కి వెళ్లిపోతాడు.

యూజర్లు మాత్రం మనిషికొకరు. ‘సూపర్‌వైజర్’ అని ఒకే పేరు పెడితే ‘నేను కాదు’ అనే మాట మళ్లీ మొదటికే వస్తుంది.

జిన్నింగ్_ఫిట్టర్ (జమ్మికుంట)

అన్నా, పేర్లు పెట్టినా ఒకని పాస్‌వర్డ్ ఇంకోనికి చెప్పుడు ఆగదు గదా. పీఎల్‌సీలనే లిమిట్ కొడితే అయిపాయె. ఎవడెంత కొట్టినా దానిమీదికి పోదు. నేను అదే చేసిన, ఇప్పుడు ప్రెజర్ గురించి లొల్లి లేదు.

ఓరుగల్లు_ఆటోమేషన్ (హన్మకొండ)

లిమిట్ ఉండాల్సిందే, అందులో నీతో పేచీ లేదు. స్క్రీన్ ఫీల్డ్‌లో మినిమం, మాగ్జిమం పెట్టి వదిలేయకుండా పీఎల్‌సీ ప్రోగ్రాంలో లిమిట్ ఇన్‌స్ట్రక్షన్ (అంకెను హద్దు దాటనివ్వని ఆదేశం) వాడాలి. కానీ డ్రైయర్‌కు ఒకే అంకె కుదరదు. బాయిల్డ్ వడ్లను రెండు దఫాలుగా ఆరబెడతారు. తేమ 16 శాతం దగ్గరికి వచ్చేదాకా గాలి 100 డిగ్రీలు దాటినా గింజ పెద్దగా విరగదు. ఆ కిందికి దిగాకే పగుళ్లు మొదలవుతాయి. అందుకే మధ్యలో వడ్లను కొన్ని గంటలు ఊరికే ఉంచి, రెండో దఫా గాలిని 75 డిగ్రీల లోపు నడుపుతారు. ఇప్పుడు లిమిట్ 120 అని ఒకటే పెడితే రెండో దఫాలో అది ఉన్నా లేనట్టే. 75 పెడితే మొదటి దఫా తెల్లారినా కాదు, పొద్దునకల్లా లిమిట్ తీసెయ్యమని సేటే ఫోన్ చేస్తాడు. దఫాను బట్టి లిమిట్ మారాలి, దఫా మార్చే బటన్‌కు సూపర్‌వైజర్ ఆథరైజేషన్ ఉండాలి. లిమిట్, పాస్‌వర్డ్ రెండూ కావాల్సిన చోటు ఇదే.

వాటర్_ప్లాంట్_షిఫ్ట్ (మంచిర్యాల)

రైస్ మిల్లు కాదు గానీ ఒక మాట. స్క్రీన్‌ను ఫోన్‌ల చూసుకుందామని సేటు సిమ్ రౌటర్ పెట్టిచ్చిన్రా? అట్లయితే కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మొదలు మార్చున్రి. 2023 నవంబర్‌ల అమెరికాల పెన్సిల్వేనియా రాష్ట్రం, అలిక్విప్పా అనే ఊరి నీళ్ల సంస్థల బూస్టర్ స్టేషన్ స్క్రీన్‌ను బయటోళ్లు పట్టుకున్నరు. అది యూనిట్రానిక్స్ పీఎల్‌సీ, స్క్రీన్ అండ్లనే ఉంటది. ఆ రకం పీఎల్‌సీలు ఇంటర్నెట్‌కు తగిలిచ్చి ఉండుడు, డిఫాల్ట్ పాస్‌వర్డ్ 1111 మార్చకపోవుడు, ఇవే సందులని తర్వాత అక్కడి ప్రభుత్వ సైబర్ సంస్థ హెచ్చరిక ఇచ్చింది. ఆపరేటర్లు పంపులు మాన్యువల్‌ల నడిపిన్రు. తాళం వేసి చెవి గడప మీద పెట్టినట్టు అన్నట్టు.

మిల్లు_మెయింటెనెన్స్ (సుల్తానాబాద్)

సిమ్ లేదన్నా, దేవుని దయ. అందరికీ మస్తు థ్యాంక్స్. ఇంకో రెండు డౌట్లు. మా ఆపరేటర్లు బిహార్ నుంచి వచ్చినోళ్లు, స్క్రీన్ కీబోర్డ్ మీద ఇంగ్లిష్ పేర్లు కొట్టుడు వాళ్లకు కష్టం. మల్ల, ఎవరు మార్చిన్రన్నది రికార్డు ఎట్ల? ఎవరేం మార్చిన్రో రాసిపెట్టే ఆడిట్ ఆప్షన్‌కు లైసెన్సు వేరే అంటున్నరు, సేటు కొననియ్యడు.

ఓరుగల్లు_ఆటోమేషన్ (హన్మకొండ)

యూజర్ పేరు కూడా అంకెలే పెట్టండి. 11, 12, 21 ఇలా. ఎవరిది ఏదో మీ రిజిస్టర్‌లో రాసుకోండి.

రికార్డుకు లైసెన్సు లేకుండా ఒక దారి ఉంది. షెడ్యూలర్‌లో యూజర్ చేంజ్ ఈవెంట్‌కు గెట్ యూజర్ నేమ్ ఫంక్షన్ తగిలిస్తే, లాగిన్ అయినవాళ్ల పేరు ట్యాగ్‌లోకి (విలువ దాచే పేరున్న చోటు) వస్తుంది. సెట్ పాయింట్ మారగానే పాత విలువ, కొత్త విలువ, పేరు, టైమ్ పీఎల్‌సీ మెమరీలోని డేటా బ్లాక్‌లో ఒక వరుసగా దాచండి. స్క్రీన్ మీద ఒక పేజీలో చూపించండి. ఆ పేజీ అందరికీ కనిపించేలా పెట్టడమే మేలు. తన నంబరు అక్కడ పడుతుందని తెలిస్తే పక్కవాడికి చెప్పడం చాలావరకు తగ్గుతుంది.

టైమ్ దగ్గర జాగ్రత్త. ఎస్7-1200 గడియారం కరెంటు లేకుండా మామూలుగా 20 రోజుల దాకే నిలుస్తుంది. సీజన్ అయిపోయి మెయిన్ దించేసి, మళ్లీ వానాకాలం వడ్లకు ఎత్తితే తేదీ తప్పు చూపిస్తుంది. మొదటి రోజే సరిచేసుకోండి.

కాటన్_ప్యానెల్ (వరంగల్)

వీన్‌టెక్ కంపెనీ స్క్రీన్ వాడేవాళ్లకు: మామూలు సెక్యూరిటీ మోడ్‌లో 12 మంది యూజర్లు, ఎ నుంచి ఎఫ్ దాకా క్లాసులు. స్క్రీన్ మెమరీ అడ్రసుల్లో యూజర్ నంబరు ఎల్‌డబ్ల్యూ-9219లో, పాస్‌వర్డ్ ఎల్‌డబ్ల్యూ-9220లో కొట్టాలి. పేర్లు కొట్టే బాధ అసలు లేదు.

జిన్నింగ్_ఫిట్టర్ (జమ్మికుంట)

ఆ చూపిచ్చే పేజీ ముచ్చట బాగున్నది అన్నా. డెల్టాల పేరు రాదు గదా, నేనేం జెయ్యాలె?

ఓరుగల్లు_ఆటోమేషన్ (హన్మకొండ)

మనిషికొక లెవెల్ ఇచ్చి చూడు తమ్మీ. ముగ్గురు నలుగురు ఉంటే సరిపోతుంది, లెవెల్ నంబరే పేరనుకో.

సుల్తానాబాద్ తమ్ముడికి ఇంకొకటి. పాస్‌వర్డ్‌లు స్క్రీన్ మీద యూజర్ వ్యూలోంచి (యూజర్ల జాబితా చూపించే పెట్టె) మార్చితే ఆ మార్పులు ప్యానెల్‌లోనే ఉంటాయి, నీ ల్యాప్‌టాప్ ప్రాజెక్టులోకి రావు. రేపు చిన్న మార్పుకు డౌన్‌లోడ్ చేసేటప్పుడు యూజర్ డేటాను ఓవర్‌రైట్ చేయాలా అని అడుగుతుంది. అలవాటుగా టిక్ పెట్టావంటే అందరి పాస్‌వర్డ్‌లూ పాతవే అవుతాయి. నీ అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోయినప్పుడు మాత్రం అదే టిక్ పనికొస్తుంది.

పీఎల్‌సీకి కూడా ప్రొటెక్షన్ పెట్టు, లేకపోతే ల్యాప్‌టాప్ తెచ్చినవాడికి స్క్రీన్ తాళంతో పనే లేదు. హెచ్‌ఎంఐ (అంటే స్క్రీన్) యాక్సెస్ లెవెల్ ఎంచుకుంటే స్క్రీన్ మామూలుగా నడుస్తుంది, ప్రోగ్రాం చదవాలన్నా మార్చాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే పీఎల్‌సీలో ఖాళీ ట్రాన్స్‌ఫర్ కార్డు (మెమరీ కార్డు) పెట్టి ప్రోగ్రాం మొత్తం చెరపడమే దారి. ప్రాజెక్టు కాపీ ఒకటి, పాస్‌వర్డ్ రాసి అంటించిన కవరు ఒకటి సేటు బీరువాలో పెట్టించు. నువ్వు వేరే మిల్లుకు పోయినా వాళ్లకు పని ఆగదు.

మిల్లు_మెయింటెనెన్స్ (సుల్తానాబాద్)

కవరు సేటుకిస్తే సేటు కొడుక్కు తెలుస్తది, ఆయనే అందరికన్న ఎక్కువ పెంచుతడు అన్నా 😀 ఆయనకు సుత ఒక నంబరు ఇస్త, పేజీల పడనీ.