ఫ్యూ, ఎ ఫ్యూ: ఒక్క అక్షరానికి ఇంత తేడానా?

మిర్చిఘాటు (గుంటూరు):
మిర్చి యార్డు దగ్గర ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో చేస్తన్నా, మెయిల్స్ రాసేది నేనే. మొన్న బయటి దేశం పార్టీ ఒకాయన తేజ రకం ఇంకా ఉందా అనడిగితే ‘వి హ్యావ్ ఫ్యూ బ్యాగ్స్’ అని కొట్టా, నా లెక్కలో కోల్డ్ స్టోరేజీలో కొన్ని టిక్కీలు (బస్తాలు) ఉన్నాయి పంపుతాం అని. ఆయనేమో సరుకు అయిపోవచ్చిందనుకుని వేరేచోట కొనేసుకున్నాడు. ఓనరు ఇంకా మొహం మాడ్చుకునే ఉన్నాడు. ఫ్యూ అంటే కొన్ని కాదా?? ‘ఎ’ లేకపోతే అంత మారిపోద్దా

పటమట అక్క (విజయవాడ):
మారిపోద్ది తమ్ముడూ. ‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని. వట్టి ‘ఫ్యూ’ అంటే కొన్నే, లేనట్టే లెక్క. మనకి చివర ‘ఏ’ తగిలిస్తే సరుకు తగ్గిద్ది, వాళ్ళకి ముందు ‘ఎ’ తగిలిస్తే పెరిగిద్ది, ట్యూషన్ పిల్లలకి ఇట్టాగే చెప్తా నేను. లెక్కపెట్టలేనివాటికి లిటిల్, ఎ లిటిల్ కూడా అంతే. పొద్దున్నే గిన్నెలో ‘ఎ లిటిల్ మిల్క్’ ఉంటే కాఫీ అయిద్ది, ‘లిటిల్ మిల్క్’ ఉంటే చెప్పులేసుకుని కొట్టుకి పోవాల్సిందే. ఇంకోటి, పాలు, నీళ్ళు మనకి బహువచనం కదా, పాలు పొంగాయి అంటాం, అందుకని మెనీ, ఫ్యూ అని నోటికొచ్చేస్తాయి, ఇంగ్లీషులో వాటికి మచ్, లిటిల్.

బందరు రోడ్డు:
అక్క చెప్పింది కరెక్టే గానీ ముందు ‘క్వైట్’ వచ్చిందంటే మళ్ళీ లెక్క మారిద్ది. ‘క్వైట్ ఎ ఫ్యూ బ్యాగ్స్’ అంటే చాలానే ఉన్నాయని. ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అంటే మళ్ళీ కొన్నే. ఏం భాషరా బాబూ

మిర్చిఘాటు:
ఇంకో డౌటు. శాంపిల్‌తో పాటు ‘అవర్ చిల్లీస్ ఆర్ టూ హాట్’ అని గొప్పగా రాశా. ఇదీ తప్పేనా

పటమట అక్క:
అయ్యో! టూ అంటే చాలా కాదు, మరీ. మరీ కారం, తినలేం అని నీ సరుకుని నువ్వే తిట్టుకున్నావ్. వెరీ హాట్ అను. మనం టూ గుడ్, టూ హ్యాపీ అని తెగ వాడేస్తాం, మనలో మనకి పర్లేదు, మెయిల్లో వద్దు. అట్టాగని అన్నిటికీ వెరీ తగిలించకు, ‘వెరీ డెలిషియస్’ బాగోదు, డెలిషియస్‌లోనే వెరీ ఉంది. వాన చాలా కుండపోతగా కురిసింది అంటామా? అట్టాంటి చోట ‘అబ్సల్యూట్లీ’ పెట్టుకో.

మిర్చిఘాటు:
దండం అక్కా. ‘స్టిల్ హ్యావ్ ఎ ఫ్యూ బ్యాగ్స్’ అని ఇప్పుడే ఇంకో మెయిల్ కొట్టా. ఆ టూ హాట్ సంగతి మాత్రం ఓనరుకి చెప్పను 😅