రెండు డోర్ల కారులో వెనక స్పీకర్లు మార్చాలి, పక్క ప్యానెల్ ఊడి రావట్లేదు

రెండుడోర్లోడు:
అందరికీ నమస్కారం. నాది రెండు డోర్ల కారు. వెనక కూర్చున్నవాళ్ల పక్కన డోర్ ఉండదు కదా, ఆ పక్క ప్యానెల్లోనే కంపెనీ స్పీకర్లు ఉన్నాయి. కుడివైపుది కొన్నాళ్లుగా బరబరమంటోంది. గ్రిల్ సందుల్లోంచి టార్చ్ వేసి చూస్తే కోన్ (శబ్దం కోసం ముందుకీ వెనక్కీ కదిలే గరాటు) చుట్టూ ఉండే ఫోమ్ అంచు చీలి, పొడిపొడిగా రాలుతోంది. ఇక దానికి రిపేరెందుకని ఆరున్నర అంగుళాల కోయాక్సియల్ (పెద్ద స్పీకర్ మధ్యలోనే చిన్నది ఉండే రకం) జత కొన్నాను. 4 ఓమ్స్ (కరెంటుకి అడ్డు), 60 వాట్స్ ఆర్‌ఎంఎస్ (ఆగకుండా నడిచే పవర్) అని రాసి ఉంది. విడిగా యాంప్లిఫయర్ లేదు, స్టీరియో నుంచే నేరుగా వస్తుంది.

వెనక సీటు కింది కుషన్, వీపు భాగం రెండూ బయటికొచ్చేశాయి. ప్యానెల్ వెనక అంచు కూడా వదులైంది. కానీ సీట్ బెల్ట్ ఆ ప్యానెల్లోని చీలికలోంచే బయటికి వస్తోంది. ముందువైపు, డోర్ ఫ్రేము దగ్గర, ఇంకెక్కడో గట్టిగా పట్టుకుని ఉంది. ఇంకాస్త లాగితే ప్లాస్టిక్ ఫట్‌మంటుందేమోనని టెన్షన్‌గా ఉంది. బెల్ట్ విప్పక తప్పదా? పైగా కొత్త స్పీకర్ మ్యాగ్నెట్ పాతదానికంటే బాగా లావు. లోపల పడుతుందో లేదో ముందే తెలుసుకునే దారుందా?

ఫేడర్‌ముందుకే:
వెనక స్పీకర్ల కోసం ఇంత తిప్పలు అవసరమా బ్రదర్? స్టేజి మన ముందుంటుంది గానీ వీపు వెనక ఉండదు కదా. ఆ డబ్బు ముందు డోర్లలో మంచి కాంపోనెంట్ సెట్‌కి (పెద్ద, చిన్న స్పీకర్లు విడివిడిగా ఉండేది) పెట్టు, వెనకవాటి వైరు పీకేసి వదిలెయ్.

పాతస్క్రూడ్రైవర్:
తమ్ముడూ, లాగడం ఆపేశావు, మంచి పని చేశావు. నాలుగు డోర్ల బండిలో అయితే డోర్ ప్యానెల్ విప్పితే స్పీకర్ ఎదురుగా కనబడుతుంది. రెండు డోర్ల బండిలో స్పీకర్ బిగించేది పావు వంతు పని, దాని దాకా చేరడమే ముప్పావు. చాలామంది సరిగ్గా నువ్వున్న చోటే ఓపిక పోగొట్టుకుని ప్యానెల్ విరగ్గొడతారు.

ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్. వెనక పక్క అద్దం కిందికి దిగే రకమైతే, బ్యాటరీ తీసేముందే దాన్ని పూర్తిగా దించి ఉంచు. ఎందుకో తర్వాత చెప్తా. బ్యాటరీ తీశాక నీ కారు సర్వీస్ మాన్యువల్లో ఎంతసేపు ఆగమంటే అంతసేపు ఆగాల్సిందే. వెనక బెల్టులకు ప్రీటెన్షనర్ (గుద్దుకున్నప్పుడు బెల్ట్‌ని టక్కున బిగించేది) ఉన్న బండ్లున్నాయి, అందులో పేలే మందు ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్ ఎక్కడ కనబడినా అది ఎయిర్‌బ్యాగ్ లైను. దాన్ని ఊడదీయకు, మీటర్ పెట్టకు, దాని వైర్లో జాయింటు వెయ్యకు.

ఇక నీ ప్యానెల్‌ని ముందువైపు పట్టుకున్నది ఏంటంటే, డోర్ తెరవగానే కింద కాలు పెట్టే చోట ఉండే ప్లాస్టిక్ పట్టీ. దాని చివర నీ ప్యానెల్ మీదికి ఎక్కి ఉంటుంది. ముందు దాన్ని పైకి లేపు. ఆ తర్వాత డోర్ ఫ్రేము చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ని, ప్యానెల్ తగిలే మేరకు చేత్తో లాగేయ్. దాని కింద ప్యానెల్ అంచు దూరి ఉంటుంది, అక్కడొక స్క్రూ కూడా దాగి ఉండొచ్చు. క్లిప్పులు స్క్రూడ్రైవర్‌తో కాదు, ప్లాస్టిక్ ప్రై టూల్‌తో తియ్యి. క్లిప్పు పక్కనే చెయ్యి పెట్టి లాగాలి, ప్యానెల్ చివర పట్టుకుని కాదు.

బెల్ట్ సంగతి. కింద నేలకు బిగించిన బోల్టు ఒక్కటి విప్పితే చాలు. బెల్ట్ చుట్టుకునే రీల్ జోలికి వెళ్లకు. చాలా బండ్లలో ఆ బోల్టుకి టీ50 టార్క్స్ బిట్ (నక్షత్రం ఆకారం మొనది) పడుతుంది. బిట్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూసుకున్నాకే బలం పెట్టు, తల అరిగిందంటే ఇక నరకమే. విప్పేటప్పుడు వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫొటో తీసుకో. బెల్ట్ చివరి ప్లేటు ప్యానెల్ చీలికలోంచి దూరితే సరి, దూరకపోతే ప్యానెల్‌ని బెల్టుతో పాటే ముందు సీటు మీద వాల్చి పని చేసుకో, నేను చాలాసార్లు అలాగే చేస్తాను. మళ్లీ బిగించేటప్పుడు మాత్రం మాన్యువల్లో ఉన్న లెక్కకి టార్క్ రెంచ్‌తోనే (ఎంత బిగువు పడిందో కొలిచే పానా). వెనక కూర్చునేవాళ్ల ప్రాణం దాని మీదే ఉంది, చేతి అంచనా పనికిరాదు.

లోతుకి వస్తే, స్పీకర్ కూర్చునే రేకు దగ్గర్నుంచి లోపల మొదట అడ్డొచ్చే వస్తువు దాకా కొలువు. అద్దం దించి ఉంచమన్నది ఇందుకే, పైకి ఉన్నప్పుడు ఖాళీగా కనిపించే చోటికే అది దిగి మ్యాగ్నెట్‌కి తగులుతుంది. వెనక లోతు ఒక్కటే చూసి ముందువైపు మర్చిపోతుంటారు. కోయాక్సియల్లో ట్వీటర్ (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్) మధ్యలో పొడుచుకొచ్చి ఉంటుంది. పిల్లలు ఆడుకునే క్లే చిన్న ముద్ద దాని నెత్తిన పెట్టి, ప్యానెల్‌ని ఒకసారి ఉత్తుత్తిగా అమర్చి తియ్యి. ముద్ద చదునైతే ట్వీటర్ గ్రిల్‌కి కొట్టుకుంటుందన్నమాట. లోతు చాలకపోతే అడాప్టర్ రింగు వేస్తాం, కానీ రింగు స్పీకర్‌ని ముందుకు తెస్తుంది కాబట్టి రెండు కొలతలూ కలిపి చూసుకోవాలి. రింగు ప్లాస్టిక్‌ది తీసుకో. ఎమ్‌డీఎఫ్‌ది (చెక్కపొడి పలకది) సీలర్ పుయ్యకుండా పెడితే తేమకి ఉబ్బిపోతుంది.

పాత స్పీకర్ రివెట్లతో ఉంటే తలలు డ్రిల్లుతో తీసెయ్. కింద గుడ్డ పరిచి ఇనప రజను అంతా పట్టు, బయటపడ్డ రేకుకి కాస్త పెయింట్ తాకించు, లేకపోతే అక్కడే తుప్పు మొదలవుతుంది. స్పీకర్‌కి రేకుకి మధ్య ఫోమ్ టేపు చుట్టూ వెయ్యి. సందు మిగిలితే వెనక గాలి ముందుకొచ్చి బేస్‌ని తినేస్తుంది.

రేకు అదరకుండా అంటించే డ్యాంపింగ్ షీట్ వేసే ఉత్సాహం ఉంటే ఒక్క జాగ్రత్త. ప్యానెల్ వెనకున్న గుల్ల డిక్కీ పక్కకి వెళ్తుంది, బంపర్ వెనకాల చిన్న రబ్బరు రెక్కల గాలి దారి ఉంటుంది. క్యాబిన్లో గాలి బయటికి పోయేది దాంట్లోంచే. దాన్ని షీట్‌తో మూశావంటే డోర్లు గట్టిగా కొడితే గానీ పడవు, అద్దాలకి ఆవిరి పడుతుంది.

ఫేడర్ గారికి: మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. అయితే ఆయన వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టుకుంటున్నాడు. వాళ్ల చెవికి పక్కనే ఉన్న స్పీకర్ బరబరమంటే ముందు ఎంత మంచి సెట్ ఉన్నా వాళ్లకేం లాభం?

రెండుడోర్లోడు:
అన్నా, వచ్చేసింది! బీడింగ్ కింద నిజంగానే ఒక స్క్రూ ఉంది. ప్యానెల్ వెనక అడుగున ఒక పెన్ను, రెండు పాత టోకెన్లు, ఎవరిదో చెవి దుద్దు దొరికాయి. ఇంట్లో చూపిస్తే ఎవరూ మాది కాదంటున్నారు, నేనిప్పుడు సంజాయిషీ చెప్పుకోవాలి.

స్పీకర్‌కి వచ్చే రెండు వైర్ల మీద ప్లస్, మైనస్ గుర్తులేం లేవు. ఇంకోటి, స్టీరియో మీద 50 వాట్స్ ఇంటూ 4 అని ఉంది, స్పీకర్ 60. చాలదా?

వాట్లలెక్క:
స్టీరియో మీద రాసే 50 గరిష్ఠం అండి. నికరంగా ఆర్‌ఎంఎస్ లెక్కలో ఒక్కో ఛానెల్‌కి ఇంచుమించు 15 నుంచి 22 వాట్స్ వస్తుంది. స్పీకర్ మీది 60, అది తట్టుకోగలిగినది, దానికి కావాల్సినది కాదు. మీరు చూడాల్సింది సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్‌కి ఎంత సౌండ్ ఇస్తుందన్నది. అది 3 డీబీ ఎక్కువున్న స్పీకర్, సగం పవర్‌తోనే అంతే సౌండ్ ఇస్తుంది. 4 ఓమ్స్ కాబట్టి ఇబ్బంది లేదు. ఒకే ఛానెల్‌కి రెండు స్పీకర్లు పారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే మాత్రం 2 ఓమ్స్‌కి పడిపోతుంది, మామూలు స్టీరియో అది మోయలేదు.

వైర్లకి వస్తే, పాత స్పీకర్‌ని ఇంకా వైర్ల నుంచి తియ్యకండి. స్టీరియో వెనక కనెక్టర్ ఊడదీసి, ఆ వెనక స్పీకర్ జతకి 1.5 వోల్ట్ సెల్ ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిన వైరే ప్లస్. బయట కొన్న స్టీరియో అయితే సాధారణంగా వెనక ఎడమకి ఆకుపచ్చ, కుడికి ఊదా రంగు ఉంటాయి, నల్ల చార ఉన్నది మైనస్. కొత్త స్పీకర్‌కి వెడల్పు టెర్మినల్ ప్లస్. ఒకవైపు తిరగబడితే ఒక కోన్ తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, బేస్ పల్చబడిపోతుంది. ఏదీ కాలిపోదు కాబట్టి చాలామందికి తెలియను కూడా తెలియదు.

ఫేడర్‌ముందుకే:
సరే, పెట్టుకో. కానీ స్టీరియోలో హై పాస్ (లోతు బేస్‌ని ఆపే సెట్టింగు) ఉంటే వెనకవాటికి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి, ఫేడర్ (ముందుకీ వెనక్కీ సౌండ్ పంచే సెట్టింగు) కాస్త ముందుకి జరుపు.

రెండుడోర్లోడు:
కుడివైపు పూర్తయింది. బరబర పోయింది. క్లే ముద్ద కొంచెం నలిగింది గానీ పూర్తిగా చదును కాలేదు, రింగు లేకుండానే సరిపోయింది. హై పాస్ 80కి పెట్టా. టార్క్ రెంచ్ స్నేహితుడి దగ్గర్నుంచి రావాలి, అప్పటిదాకా వెనక ఎవరినీ ఎక్కించను. విరిగిన క్లిప్పుల బదులు కొత్తవి తెచ్చుకుని ఎడమవైపు మొదలుపెడతాను. ఆ దుద్దుకి జత అటువైపు దొరక్కుండా ఉంటే చాలు.