తప్పు మడతా, మడత తప్పడమా?

మా మేనకోడలు పార్కిన్సన్స్ మీద పరిశోధన చేస్తోంది. రోగుల ఇంట్లోవాళ్లకి ఒక పేజీ రాసివ్వాలట, "మామయ్యా, ప్రొటీన్ మిస్‌ఫోల్డింగ్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగింది. తడుముకోకుండా 'తప్పు మడత' అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నాకే నచ్చలేదు. ఇస్త్రీ అబ్బాయి చొక్కా కాలరు తిరగేసి మడిచినట్టు, ఎవరో మడతపెట్టి చెడగొట్టినట్టు ఉంది. ప్రొటీన్‌ని ఎవరూ మడవరు. అమైనో ఆమ్లాల గొలుసు అత్తిపత్తి ఆకులా తనంతట తానే ముడుచుకుంటుంది, ఏ రూపంలోకి అన్నది ఆ గొలుసు వరసలోనే ఉంటుంది (ఆన్‌ఫిన్సెన్‌కి 1972లో నోబెల్ వచ్చింది ఈ పనికే). అందుకని 'మడత తప్పడం' మేలనిపిస్తోంది. మాట తప్పాడు, దారి తప్పాడు, శ్రుతి తప్పింది అంటాం కదా, అలా. ఏమంటారు?

↳ బాగుంది. ప్రియాన్ల దగ్గర ఇంకో మాట కూడా పనికొస్తుంది, సావాస దోషం. చెడ్డ రూపంలో ఉన్న ప్రొటీన్ పక్కకి చేరితే మంచిది కూడా అదే రూపంలోకి తిరిగిపోతుంది. శాస్త్రవేత్త ప్రుసినర్ 1982లో ప్రియాన్ అని పేరు పెట్టింది ఇలా అంటించే ప్రొటీన్‌కే.

↳ గురువుగారూ, చిన్న పేచీ. పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో పేరుకునేది ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్, మామూలుగా కణద్రవంలో తిరుగుతున్నప్పుడు దానికి స్థిరమైన మడతంటూ ఉండదు, వదులు దారంలా ఉంటుంది. లేని మడత ఎలా తప్పుతుంది? 'పెడమడత' అనండి. పెడదారి, పెడార్థంలో ఉన్న పెడ. ముందు మడత ఉన్నా లేకపోయినా అతుకుతుంది.

↳ నిజమే, నాకు తట్టలేదు. పెడమడతే ఖాయం.

↳ పనిలో పనిగా అమిలాయిడ్‌కి, అదే, పెడమడత పడ్డ ప్రొటీన్లు పోగులుగా పేరుకున్న దానికి, కూడా ఒక తెలుగు మాట చూడండి.

↳ వద్దండీ. 1854లో విర్హో అనే జర్మన్ వైద్యుడు అయోడిన్ వేస్తే రంగు మారిందని అది పిండిపదార్థం లాంటిదనుకుని పెట్టిన పేరు అది, అయిదేళ్లకే ప్రొటీన్ అని తేలింది. 'పిండిలాంటిది' అని అనువదిస్తే ఆయన పొరపాటుని కూడా మనం నెత్తికెత్తుకున్నట్టే. అమిలాయిడ్ అనే ఉండనివ్వండి.

↳ తాజా కబురు: మేనకోడలు పెడమడత అని రాసి ముందు మా అక్కకి చదివి వినిపించిందట. "అంటే బీరువాలో పట్టుచీరకి పడ్డట్టా?" అందట అక్క. ఇస్త్రీ అబ్బాయి మళ్లీ వచ్చేశాడు.